పర్మిటు లేని పరదేశము

శంషాబాదు విమానాశ్రయమునందు వేకువజామున దుబాయి, షార్జా, మస్కటు, కువైటు విమానములకై బారులు తీరి నిలుచువారిని కొంత నిదానించి చూచినచో, విహారమునకు పోవువాడెవ్వడో, పొట్ట చేతబట్టుకొని పోవువాడెవ్వడో ఒకరు చెప్పనక్కరలేకయే తెలిసిపోవును. విహారార్థి తన టికెట్టును చేతి ఫోనులో చూపి ముందుకు సాగును. రెండవవాడు ప్లాస్టికు సంచిలో మడతపడకుండ పెట్టుకొన్న కాగితములను రొమ్మున కదుముకొని, వానిలో ఏది ఎప్పుడు అడుగుదురో యని మాటిమాటికి తడవి చూచుకొనుచుండును. ఆ సంచిలో రానుపోను టికెట్టుండును. తాను జన్మలో అడుగుపెట్టబోని యొక హోటలులో గది కుదిరినట్లు రసీదుండును. తన పేర ఒక విజిట్ వీసా ఉండును. నా ముందు నిలిచిన యువకుడు జగిత్యాల ప్రాంతపువాడు. మెడలో కొండగట్టు అంజన్న దారము, కాళ్లకు ముందటి దినముననే కొన్నట్లున్న బూట్లు. అతడు పరీక్షకు పోవు బాలుడు ఎక్కములు వల్లించినట్లు, “బావ తానకి పోతున్న. బుర్జ్ ఖలీఫా జూసి పదిహేను రోజులల్ల మర్లొస్త” అని మెల్లగా వల్లించుచుండెను. పక్కనున్న స్నేహితుడు “మరి బావ పేరేంది?” అని అడుగగా తడబడెను. బావ పేరు ఏజెంటు చెప్పియుండలేదు.

ఈ పాఠము వల్లింపవలసిన అగత్యమేమో తెలియవలెనన్న మన దేశపు చట్టమును కొంత తెలిసికొనవలెను. 1983వ సంవత్సరపు ఎమిగ్రేషన్ చట్టమును బట్టి, పదవ తరగతి ఉత్తీర్ణుడు కానివాడు గల్ఫు రాజ్యములు మొదలుగా గల 18 దేశములలో దేనికైనను కొలువునకు పోవలెనన్నచో, ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ అను అధికారి అనుమతిని పొందితీరవలెను. ఆ అధికారి కార్యాలయము హైదరాబాదునందును కలదు. యజమాని యెవ్వడు, జీతమెంత, ఒప్పందము సక్రమముగా ఉన్నదా లేదా యను విషయములను విచారించి, పోవువాని పేర 10 లక్షల రూపాయల బీమా ఉన్నదని నిర్ధారించుకొనిన పిదపగాని ఆ అనుమతి లభింపదు. లైసెన్సుగల ఏజెంటు పోవువానినుండి పుచ్చుకొనదగిన రుసుము, పన్ను గాక, 30,000 రూపాయలకు మించరాదు. ఇంత పకడ్బందీగా కట్టిన కోటకు ఒక దిడ్డి మిగిలిపోయినది. కొలువునకు పోవువానికే ఈ అనుమతి అవసరము. చుట్టమును చూడబోవువానికి, ఊరు చూడబోవువానికి అక్కరలేదు. కావున కొలువునకు పోవువానిని చుట్టమును చూడబోవువానినిగా మార్చుటయే ఏజెంటు విద్య. ఎక్కడనైన అధికారికి అనుమానము తగిలి, ప్రయాణికుని పక్కకు నిలిపినచో, దానికిని ముందే ఏర్పాటు చేసికొను ఘనులు కలరు. ఆ వ్యాపారమున దానిని ‘పుషింగ్’ అందురు. ఆ పుషింగునకు వేరుగ వెల కలదు, ఆ వెలయు పోవువాని నెత్తిననే పడును.

హైదరాబాదునుండి దుబాయికి సుమారు నాలుగు గంటల ప్రయాణము. నన్ను రమ్మని పిలిచినవాడు షార్జాలో లెక్కల గుమాస్తాగా ఉన్న మా మేనల్లుడు. అతనికి సరియైన పని పర్మిటు, బతాకా అను గుర్తింపు కార్డు, బ్యాంకులో పడు జీతము అన్నియు కలవు. అందుచేత అతడు నన్ను గోపురములను, కృత్రిమ ద్వీపములను, మంచు కురియు అంగడులను చూపవలెనని ఉబలాటపడెను. నేను మాత్రము మొదటి సాయంకాలమే దేరా ఒడ్డునుండి బర్ దుబాయి ఒడ్డునకు ఒక్క దిర్హమునకు దాటించు ‘అబ్రా’ అను పడవ యెక్కి కూర్చుంటిని. ఆ చిన్న ఉప్పునీటి పాయయే దుబాయికి పుట్టినిల్లు. ముత్యముల వర్తకులు, గుజరాతు సింధుదేశముల సేట్లు, ఇరాను పడవవాండ్రు అక్కడ దిగియే ఈ నగరమును నిలిపిరి. ఒకప్పుడు అక్కడ చెల్లిన నాణెము మన రూపాయియే. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫు దేశముల కొరకు ప్రత్యేకముగా నోట్లు ముద్రించి యిచ్చినది. 1966 జూనులో మన ప్రభుత్వము రూపాయి విలువను తగ్గింపగా, అప్పటికిని దానిని వాడుచున్న రాజ్యములు ఒకటొకటిగా విడనాడినవి. ఆ సంవత్సరముననే దుబాయి సముద్రగర్భమున నూనె కనబడినది. విధి యొక్క ఇట్టి చమత్కారమును కథలో వ్రాసినచో విమర్శకులు నమ్మరు. మన రూపాయితో బేరమాడిన ఒడ్డున నేడు మనవాడు ఒక దిర్హమునకు ఇరువదికి పైబడిన రూపాయల లెక్కన తన చెమటను గుణించుకొనుచున్నాడు.

1950లు 60లలో కేరళ తీరమునుండి లాంచీలలో వచ్చి, ఖోర్ ఫక్కాను వద్ద నడిసముద్రమున దింపగా ఈదుకొని ఒడ్డుచేరినవారి కథలు మలయాళీలు నేటికిని చెప్పుకొందురు. అప్పటికి పర్మిటు అను మాటయే అంతగా పుట్టలేదు. మనవారు వచ్చినది ఆ తరువాత, 1971-72లలో ఏడు ఎమిరేట్లు కలిసి ఒక రాజ్యముగా ఏర్పడి, నూనె ధర పెరిగి, రోడ్లు రేవులు కట్టుట మొదలయిన పిమ్మట. కరీంనగరము, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, కామారెడ్డి, నిర్మల్ ప్రాంతముల పల్లెలలో బ్రతుకుతెరువును గూర్చి “బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి” అను మూడు మాటలలో చెప్పుట పరిపాటి. నీరు దక్కని నేల, మగ్గము ఆగిన సాలెవీథి, బోరు వేసిన కొలది దిగిపోవు జలము వారిని మొదట సింగరేణి గనులకు, పిదప భీవండి మరమగ్గములకు, తుదకు ఈ ఎడారికి తరిమినవి. కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు బజార్లలో బంగారు దుకాణముల సరసన డబ్బు మార్చు దుకాణములు, వాని సరసన ట్రావెల్ ఏజెన్సీలు వరుసగా నిలుచుటకు కారణమిదియే.

దేరాలో నాయిఫ్ పేటయందు సందులలో తిరిగినచో విజిట్ వీసా మీద పని వెదుకువారి లోకము కనబడును. టైపింగు సెంటర్లు, జిరాక్సు దుకాణములు, గోడలపై అరచేయి వెడల్పున అంటించిన ‘బెడ్ స్పేస్’ చీటీలు. బెడ్ స్పేస్ అనగా గది కాదు, గదిలో మూల కాదు. రెండంతస్తుల ఇనుప మంచములో ఒక అంతస్తు. నేను చూచిన యొక ఇంటిలో హాలును ప్లైవుడ్డు పలకలతో మూడుగా విభజించి, ఒక్కొక్క భాగమున నాలుగు మంచములు వేసియుండిరి. అక్కడ కాకినాడ ఇంజనీరింగు పట్టభద్రుడొకడు, కడప యువకులు ఇద్దరు, నేపాలీ వంటవాడొకడు పక్కపక్కన నిద్రించుచుండిరి. పట్టభద్రుడు ఉదయము ఇస్త్రీ చొక్కా తొడిగి, మెట్రో యెక్కి, ‘వాకిన్ ఇంటర్వ్యూ’ అని ఎక్కడ విన్న అక్కడికెల్ల పోయి, తన బయోడేటా అను జాతకపత్రమును అందజేసి వచ్చుచుండెను. అతని బాధ ఆకలి బాధ కాదు, తిథి బాధ. వీసా ముగియు తేదీని అతడు గోడమీద పెన్సిలుతో వ్రాసికొనెను. ఏ కంపెనీవారైనను మొదట అడుగునది “ఇప్పుడు మీ వీసా ఏది?” అనియే. విజిట్ అనగానే జీతము తగ్గించి చెప్పుదురు. “పనిలో చేరుడు, పర్మిటు తరువాత చేయింతుము” అని మరికొందరు. ఆ ‘తరువాత’ అను మాటలోనే ఎందరి యౌవనమో కరిగినది. పర్మిటు చేతికి రాకముందు ఒక్క గంట పనిచేసినను అది నేరమే. నెల దినములు పని చేయించుకొని, “పని నచ్చలేదు” అని పంపివేసినచో, జీతమునకై ఫిర్యాదు చేయుటకు పోవువాడు తన నేరమును తానే ఒప్పుకొనుటకు పోవలెను.

2022 నుండి ఎమిరేట్లవారు పని వెదకికొనుటకే ప్రత్యేకముగా ఒక వీసాను ఏర్పరచిరి. 60, 90, 120 దినముల గడువులతో, ఏ యజమాని పూచీయు లేకుండ వచ్చి వెదకికొనవచ్చును. పద్ధతి మెచ్చదగినదే. అయితే అది పట్టభద్రులకు, ఉన్నత నైపుణ్యముగలవారికి తెరచిన తలుపు. తాపీపనివానికి, పెయింటరుకు, లోడింగు కూలికి ఆ తలుపు లేదు. అందుచేత వారు పాత త్రోవనే పట్టుచున్నారు. ఆ త్రోవలో ఒక విచిత్రమైన మజిలీ ఉండెడిది. వీసా గడువు తీరినవారు దేశము దాటి వెలుపలకు పోయి, కొత్త వీసాతో మరల రావలెను గనుక, ఇరానుకు చెందిన కీష్ అను చిన్న ద్వీపమునకు విమానములో పోయి, అక్కడ చౌకహోటళ్లలో కొత్త కాగితము కొరకు ఎదురుచూచుచు దినములు, వారములు గడపుచుండిరి. ఆ నిరీక్షణను అనుభవించిన మా మేనల్లుని మిత్రుడొకడు, ఇప్పటికిని కీష్ పేరు విన్నచో తనకు ఉడికించిన బంగాళాదుంప వాసన వచ్చునని చెప్పెను. చేతిలో డబ్బు తరిగిన కొలది అక్కడ తినగలిగినది అదియే. నడుమ కొంతకాలము దేశము దాటకయే వీసా మార్చుకొను వెసులుబాటు ఇచ్చి, 2022 చివర దానిని పలుచోట్ల ఎత్తివేసిరి. నేడు ఒక విమానాశ్రయమునుండి పొరుగు దేశపు విమానాశ్రయమునకు పోయి, బయట కాలు పెట్టకయే తిరిగివచ్చుట వాడుకయైనది. ప్రతి రాకపోకకును ట్రావెల్సువానికి లాభము, వెదుకువానికి అప్పు.

ఇంతకును పర్మిటు అనునది ఎవరిది? ఈ ప్రశ్న నన్ను ఆ ప్రయాణమంతయు వెన్నాడినది. పనివాని పేర ఉండును గాని అది పనివానిది కాదు. యజమాని మంత్రిత్వశాఖకు దరఖాస్తు పెట్టుకొని, తన కోటాలోనుండి తెచ్చికొనును. పనివాని నివాసమునకు ఆయనయే పూచీదారు. ఆయనను ‘కఫీల్’ అందురు. ఆ కఫీలును విడిచిపోయిన క్షణముననే, మనిషి అక్కడనే, అవే చేతులతో, అదే తాపీతో ఉన్నను, కాగితము దృష్టిలో వాడు లేనివాడగును. యజమాని ‘పారిపోయినాడు’ అని ఒక ఫిర్యాదు పెట్టినచో చాలును. మూడు నెలలు జీతమీయని కంపెనీనుండి వెడలిపోయినవాడు, ఒప్పందములో డ్రైవరు అని వ్రాసి ఒంటెల కాపునకు పంపగా తాళలేక వచ్చినవాడు, విజిట్ వీసా గడువు తీరినవాడు, ‘ఆజాద్ వీసా’ అను పేర లేని కంపెనీ కాగితమును లక్షలు పోసి కొని బయట పని చేసికొనుచున్నవాడు, వీరందరును మనవారి నోట ఒక్క పేరుననే పిలువబడుదురు: కల్లివెల్లి. ఆ మాట అనునప్పుడు వారి గొంతులో సిగ్గు లేదు, గర్వమును లేదు. ‘జ్వరము’ అన్నట్లు అందురు. ఈ కఫాలా పద్ధతిని ఇటీవల కొంత సడలించిరనుటయు సత్యమే. ఖతారువారు 2020లో పని మారుటకు పాత యజమాని సమ్మతి అక్కరలేదనిరి. ఎమిరేట్ల కొత్త కార్మిక చట్టము నియామకపు ఖర్చులను పనివానినుండి వసూలు చేయరాదనియు, వాని పాస్‌పోర్టును యజమాని దాచరాదనియు శాసించుచున్నది. చట్టము బాగున్నది. దానిని అడిగి తీసికొనవలసినవానికి మాత్రము చదువు రాదు, సెలవు దొరకదు, ఊరిలో అప్పు ఆగదు.

మా మేనల్లుడు తనకు ఇష్టము లేకున్నను ఒక రాత్రి నన్ను సోనాపూర్ పేటకు తీసికొనిపోయెను. దుబాయి విమానాశ్రయమునకు తూర్పుగా, బస్సులు వందలుగా నిలుచు ఆ కూలీల శిబిరముల నగరములో, మా వైపువారు ఉన్న గది మూడవ అంతస్తున కలదు. అందు ఆరు రెండంతస్తుల మంచములు. ప్రతి మంచమునకును ఒక చీరముక్కయో దుప్పటియో తెరగా కట్టియున్నది. ఆ తెర వెనుక ఉన్న జాగాయే వాని ఇల్లు. లోపల మేకునకు ధర్మపురి నరసింహస్వామి క్యాలెండరు, తలాపున ఫోను ఛార్జరు, చిన్న తాళముగల రేకు పెట్టె, పెట్టెమీద మామిడికాయ పచ్చడి సీసా. పచ్చడి ఊరినుండి వచ్చువాని చేత పంపినది. దానికి ఆ గదిలో ఉన్న పలుకుబడి ఫోర్మెనుకు కూడ లేదు. ముట్టుకొన్న ఇనుము వేడిగా ఉన్నది. ఎయిర్ కండిషనరు నీళ్లు ఒక డబ్బాలో బొట్లుబొట్లుగా పడుచున్నవి. వేసవిలో, జూను 15 మొదలు సెప్టెంబరు 15 వరకు, పగలు పన్నెండున్నర నుండి మూడు గంటల వరకు ఎండలో పని చేయింపరాదని అక్కడి శాసనము. పర్మిటు ఉన్నవాడు ఆ వేళ నీడను పొందును. పర్మిటు లేనివానికి పని ఇచ్చు చిల్లర గుత్తేదారునకు ఆ గడియారము లేదు.

ఆ గదివారందరును పర్మిటుగలవారే, ఇద్దరు తప్ప. ఆ ఇద్దరును అతిథులవలె రాత్రి వచ్చి, తెల్లవారకముందే పోవుచుండిరి. వారిలో పెద్దవాడు, యాబదేండ్లకు దగ్గరనున్న రాజన్న సిరిసిల్ల జిల్లా తాపీపనివాడు, నన్ను మొదట అధికారి యనుకొని లేచి నిలుచుండెను; మా మేనల్లుడు “మా మామ, కాకా, పుస్తకాలు రాస్తడు” అనగా కూర్చుండెను. “కాకా, మీరు విజిట్ మీద ఎందుకొచ్చిండ్రు?” అని నేనడిగితిని. “ఏం జెప్పమంటవు సారూ! ఊళ్లె రెండు బోర్లేసిన, రెండూ పడలే. మూడు రూపాల మిత్తికి లచ్చ దెచ్చి కట్టిన. దిగంగనే కంపెనీ వీసా కొట్టిస్తనన్నడు ఏజెంటు. దిగినంక ఫోనే ఎత్తకపాయె. మర్లి పోదునా అంటె, మిత్తి ఇంటి ముంగట కూసున్నది.” భయము లేదా యంటిని. “ఉండదా మరి? బస్సెక్కం. సెలవునాడు బజారుకు పోం. సీఐడీలు ఏ అంగీల ఉంటరో ఎర్కలేదు. కాలు ఇరిగినా దవఖానకు పోం, బతాకా అడుగుతరు.” అతని కుడి చేతి బొటనవ్రేలి గోరు నల్లబడి, చుట్టును వాచియుండెను, దానికి పసుపు సున్నము పెట్టి గుడ్డ చుట్టెను. ఆ వ్రేలిని నేను చూచుచున్నట్లు గమనించి, చేతిని మెల్లగా తొడక్రిందికి జరుపుకొనెను.

ఆయన లెక్కను ఆయనకంటె నేనే ఎక్కువ సేపు వేసితిని. నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి యనగా లక్షకు సంవత్సరమునకు 36,000. ఇక ఆ దేశమున గడువు మీరి ఉన్న ప్రతి దినమునకును 50 దిర్హముల జరిమానా. సంవత్సరమునకు 18,250 దిర్హములు, మన డబ్బులో నాలుగు లక్షలకు పైచిలుకు. ఊరిలో మిత్తి ఒకవైపు పెరుగుచుండగా, జరిమానా మరియొకవైపు అంతకు పదిరెట్లకు మించిన వేగముతో పెరుగును. తిరిగి పోవలెనన్న జరిమానా కట్టవలెను; జరిమానా కట్టవలెనన్న ఉండి పని చేయవలెను; ఉండినకొద్ది జరిమానా పెరుగును. ముందు నుయ్యి వెనుక గొయ్యి యని మన పెద్దలు చెప్పినప్పుడు ఆ నూయిని దినదినము లోతు చేయు యంత్రమొకటి ఉండునని ఊహించియుండరు. పర్మిటు లేనివానికి పని ఇచ్చిన యజమానికిని శిక్ష లేకపోలేదు. 2024లో సవరించిన శాసనమును బట్టి ఆ జరిమానా లక్ష మొదలు పది లక్షల దిర్హముల వరకు పెంచబడినది. ఇది సరియైన దెబ్బ. కాని పట్టుబడువాడు ఎండలో గోడమీద నిలిచినవాడు. గుత్తేదారు ఎయిర్ కండిషను కారులో ఉండును.

నేను అచ్చట ఉన్న కాలమున క్షమాభిక్ష నడచుచుండెను. ఎమిరేట్లలో ఇది కొత్త కాదు. 1996, 2002, 2007, 2012, 2018 సంవత్సరములలో మొదలైనవన్నియు ఇట్టివే. ఈ పర్యాయము 2024 సెప్టెంబరు 1న మొదలై, అక్టోబరు 31తో ముగియవలసినది, పిదప డిసెంబరు 31 వరకు పొడిగింపబడినది. జరిమానా మాఫీ, వెడలిపోవువాడు తరువాత సరియైన వీసాతో రావచ్చును, ఉండదలచినవాడు పని చూపి పర్మిటు చేయించుకొనవచ్చునని అప్పటి ఏర్పాటు. అల్ అవీర్ అను చోట, నగరమునకు వెలుపల, గుడారములు వేసి వ్రేలిముద్రలు తీసికొనుచుండిరి. గడువు పొడిగింపు ఇంకను ప్రకటింపబడలేదు గనుక, నేను పోయిన దినమున జనము కిక్కిరిసియుండెను: తెలుగువారు, బంగ్లావారు, పాకిస్తానీలు, ఫిలిప్పీను స్త్రీలు, చంకలో పిల్లలతో ఆఫ్రికా తల్లులు. మన కాన్సులేటు పక్షమున కొందరు నిలిచి, పాస్‌పోర్టు పోయినవారికి ‘ఎమర్జెన్సీ సర్టిఫికెట్టు’ దరఖాస్తులు నింపించుచుండిరి. మనవారు దానిని ‘ఔట్‌పాస్’ అందురు, ఒక్కసారి స్వదేశమునకు పోవుటకు మాత్రమే చెల్లును. వింతయేమనగా అదే ఆవరణలో కొన్ని కంపెనీలవారు బల్లలు వేసికొని, పనివాండ్రు కావలెనని పిలుచుచుండిరి! నిన్నటిదాక దాగి దాగి పని చేసినవానిని, నేడు అధికారుల ఎదుటనే, అదే పనికి, పర్మిటుతో పిలుచుచున్నారు. పనికి కొరత లేదు, పనివానికి కొరత లేదు. నడుమ కాగితమును కుదిర్చుటకే ఇన్ని ఏండ్లు, ఇన్ని లక్షలు ఎవరు తినిపోయిరి?

తిన్నది ఎక్కువభాగము మన ఊరనే అని నా నిర్ణయము. అరబ్బు యజమానిని నిందించుట సులభము, అతడు నిందార్హుడును అగుగాక. కాని పర్మిటు లేని కూలివాడు దుబాయిలో తయారగుట లేదు. వాడు బస్టాండు ఎదుట మేడమీది గదిలో, రసీదు లేకుండ డబ్బు లెక్కపెట్టుకొను ఏజెంటు బల్లముందు తయారగుచున్నాడు. కంపెనీ ఉచితముగా ఇచ్చిన వీసాను అమ్ముకొనువాడు అక్కడి అరబ్బు కాడు. పదేండ్ల క్రింద తానును అట్లే పోయి, ఇపుడు సబ్ ఏజెంటుగా అవతారమెత్తిన మన ఊరి అన్నయే. వాని మాట నమ్ముదురు, ఏలనన వాడు కట్టిన ఇల్లు కండ్లకు కనబడుచున్నది. కువైటుకు పోవు కడప, రాయచోటి, కోనసీమ స్త్రీల విషయము ఇంతకంటె దారుణము. పదవ తరగతి చదువని స్త్రీ ముప్పది ఏండ్లు నిండక ఇంటిపనికి పోరాదనియు, పోవునది ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవలెననియు మనవారు నియమించిరి. ఆ నియమమును దాటించుటకు ఆమెను విజిట్ వీసామీద మరియొక దేశమునకు పంపి, అక్కడినుండి చేరవేయుదురు. చెరువుకట్ట దాటని ఇల్లాలు ఏ దేశమున ఉన్నదో ఇంటివారికి నెలల తరబడి తెలియకుండుట అట్లు సంభవించును. కాపాడుటకు చేసిన నియమము కాపాడలేకపోగా, త్రోవను మరింత చీకటి చేసినది.

పూర్వము మన తీరమునుండి కూలికి పోయినవారి చరిత్రను నేను కొంత చదివితిని. 1860లో ‘ట్రూరో’ అను ఓడ చెన్నపట్టణమునుండి దక్షిణాఫ్రికాలోని నాటాలుకు మనవారిని కొనిపోయినపుడు, వారి మెడలో ఏండ్లకొలది కట్టుబాటు పలుపు వేసిరి. కాకినాడ, విశాఖలనుండి రంగూనుకు పోయినవారు మేస్త్రీ ఇచ్చిన బయానాలో కూరుకొనిపోయిరి. నాటాలు కూలివాని పేరు కనీసము ఒక చిట్టాలోనికి ఎక్కినది. అతని మనుమడు నేడు డర్బనులో ఆ చిట్టాను వెదకి, తాత ఊరు ఫలానా యని చెప్పగలుగుచున్నాడు. విజిట్ వీసా మీద వచ్చి కల్లివెల్లియైనవాడు గుండె ఆగి గదిలో చనిపోయినచో, శవపేటికను ఇంటికి చేర్చుటకే నెలలు పట్టును. చేర్చిన పిమ్మట అడుగుటకు కంపెనీ లేదు, బీమా లేదు, నష్టపరిహారము లేదు. ప్రొటెక్టరు అనుమతితో పోయినవానికి ఉన్న 10 లక్షల బీమా, ఆ దిడ్డిదారిని పోయినవానికి లేదు. రెండు మూడు సంవత్సరములకు ఆ బీమా వెల మూడు నాలుగు వందల రూపాయల ప్రాంతమే యనుట ఎందరికి తెలియును?

సిరిసిల్ల తాపీపనివాడు క్షమాభిక్షకు పోవునా పోడా యని నేను తిరుగుప్రయాణమునకు ముందు మా మేనల్లుని అడిగితిని. పోవుటకు ఇష్టపడెను గాని, విమానపు టికెట్టునకు డబ్బు కూడుటకై మరికొన్ని దినములు పని చేయుచున్నాడని తెలిసినది. పాస్‌పోర్టు అతని దగ్గరనే ఉన్నందున ఔట్‌పాసు అక్కరలేకపోయెను. అది అతని అదృష్టము.

ఈ రచన చదువువారికి గల్ఫుతో పొత్తు లేకపోవచ్చును. కాని మీ ఊర కల్లు గీయువాని కొడుకో, మీ గోడ కట్టిన మేస్త్రీయో, మీ బడిలో పదవ తరగతి తప్పిన శిష్యుడో రేపు ఈ త్రోవన పోవుటకు మీ చేత ఒక ఫారము నింపించుకొనవచ్చును. అప్పుడు మూడు విషయములు చూచి చెప్పుడు. ఆ ఏజెంటు లైసెన్సు సంఖ్య కేంద్రప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉన్నదా? చేతికిచ్చిన వీసామీద ఉద్యోగము అని ఉన్నదా, విజిట్ అని ఉన్నదా? కట్టిన డబ్బునకు రసీదు ఉన్నదా? వీనిలో ఏ ఒక్కటి లేకున్నను డబ్బు కట్టనీయకుడు; అప్పటికే కట్టియున్నచో, విమానమెక్కనీయక ప్రొటెక్టరు కార్యాలయమునకు వెంటబెట్టుకొని పొండు.